సూపర్‌వైజర్ బొటనవేలు

"లేజర్ వెలుగు ఇనుమును కరిగిస్తుంది, గ్యాస్ ఆ కరిగినదాన్ని కిందికి ఊదేస్తుంది, అంతేనండి" అని వచ్చినవాళ్లందరికీ చిలకలా అప్పజెప్పే సూపర్‌వైజర్ ఏనాడూ ఆ రేకులు కోసే మెషీన్ మీద చెయ్యి పెట్టిన పాపాన పోలేదు. ఇస్త్రీ నలగని చొక్కాతో వచ్చి, కోసిన రేకు అంచు మీద బొటనవేలు జార్చి, "వెన్నలా ఉంది చూడండి" అనడమే ఆయన ఉద్యోగం. ఆ అంచున మిగిలే ముళ్లలాంటి గరుకును ఆకురాయితో రుద్ది తీసేది మూల బల్ల దగ్గరి అక్క అని మాటవరసకైనా అనడు. నిన్న ఆమె ఎదుటే యజమానితో, "లేజర్ ఉండగా ఈ రుద్దుడు దేనికి సార్, దండగ" అన్నాడు. అక్క వెళ్లి, అప్పుడే కోసి చల్లారిన రేకు తెచ్చి అందించింది. బొటనవేలు అలవాటుగా జారింది. తెల్లచొక్కా మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

"ఏం రేకు ఇచ్చావమ్మా ఇది?" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"లేజర్ కోసిందేనండి," అంది అక్క చేతితొడుగులు విప్పుతూ. "రుద్దుడు దండగన్నారుగా."