కాయితాల్లేని నాలుగు పిల్లలు

జెమీమా ఎనిమిదో తరగతితో బడి మానేసింది. సముద్రాల అవతల కార్లో అనే ఊళ్లో అన్నావదినల దగ్గర ఉంటూ, ఇమాల్ లోయలో చూపు పోయిన డోనల్ బర్న్ అనే ముసలాయన ఇంట్లో పనికి వెళ్తుంది.

చూపు పోయినా ఆయన కుక్కల్ని వదల్లేదు. అవి ఆ లోయ పేరే పెట్టుకున్న టెర్రియర్లు: పొట్టికాళ్లు, వంకర ముంగాళ్లు, ఇంత తల. ఎప్పుడో భూములిచ్చి అక్కడ దింపిన పరదేశపు సిపాయిల కుక్కలూ ఊరికుక్కలూ కలిసి పుట్టిన జాతని చెప్పుకుంటారు. బొరియలో దూరి బ్యాడ్జర్ అనే అడవిజంతువును పట్టడం వాటి పని. వెనకటి పోటీల్లో మొరిగిన కుక్కకు మార్కులు పోయేవట.

"నోరెత్తకుండా పనిచేసేదే మంచి కుక్క. నీలాగే," అనేవాడాయన. జెమీమా సిగ్గుపడి నవ్వేది.

మార్చిలో ఆయన ఆడకుక్క మ్యాగీ ఎదకొచ్చింది. పెరటి గేటు గడియ పెట్టమని ఆయన రెండుసార్లు చెప్పాడు. వీధికుక్కల మధ్య పెరిగిన జెమీమాకు అదంత పెద్ద సంగతిగా తోచలేదు. బట్టలు ఆరేసి తిరిగి చూస్తే పక్కపొలంలో గొర్రెల్ని కాసే కాలీజాతి కుక్క మ్యాగీతో జతకట్టి ఉంది. జెమీమా ఆయన దగ్గర నోరెత్తలేదు. మర్నాడు ఆయన జతకు కుదిర్చిన అదే జాతి మగకుక్క వచ్చింది.

నాలుగు పిల్లలు పుట్టాయి. రెండింటికి ఆ కాలీకున్నట్టే మెడచుట్టూ తెల్లపట్టీ.

నెల తిరిగాక ఆయన వాటి కాళ్లు తడిమి ఆగిపోయాడు. "పొడుగనిపిస్తున్నాయే. రంగేమిటి?"

"గోధుమరంగే, మిస్టర్ బర్న్. అంతా గ్రాండ్."

"అయితే నా వేళ్లే ముసలివైపోయాయి."

ఇంటికెళ్లి చెబితే వదిన ఎస్తేరమ్మ పగలబడి నవ్వింది. "కుక్కలక్కూడా కులమటే? ఊరుకోవే పిచ్చిమొహమా! అదొదిలించుకుందామనే గదా ఇంత దూరమొచ్చాం."

జెమీమా కూడా నవ్వింది. కంచం మాత్రం పక్కకు జరిపింది. జాతి ఏమైతే ఆమెకేం? ఆమె మాట విని ఆ మనిషి తన వేళ్లని తనే నమ్మడం మానేశాడు.

రెండోరోజు పిల్లల్ని జాతి పుస్తకంలో ఎక్కించే కాయితాలు వచ్చాయి. ఆయన పెన్ను పట్టుకుని, "సంతకం ఎక్కడో చూపించు," అన్నాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. గీత మీదికి జరపలేకపోయింది.

"పెట్టకండి. రెండింటికి మెడమీద తెల్లపట్టీ ఉంది. ఆ రోజు గేటు నేనే వేయలేదు. కాలీ వచ్చింది."

ఆయన పెన్నుకు మూత పెట్టి బల్లమీద పెట్టాడు.

"సారీ, మిస్టర్ బర్న్."

"నాకు చెప్పి ఏం లాభం? శనివారం పిల్లల్ని కొనడానికి మనుషులొస్తారు. కాయితాలేవని అడుగుతారు. ఎందుకు లేవో నువ్వే చెప్పు."

శనివారం బెల్లు మోగింది. గుమ్మంలో బురదబూట్లతో ఒకావిడ. రాగానే కాయితాలడిగింది.

జెమీమాకు చెవులు భగ్గుమన్నాయి. వెనక కుర్చీలో ముసలాయన తల ఇటు తిప్పి వింటున్నాడు.

"కాయితాల్లేవండీ. ఈయన గేటు వేయమన్నారు," అంది. "నేను వేయలేదు."