గోడకు చెయ్యి ఆనించి విన్న మనిషి

మొన్న పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోనొచ్చింది. "మా అన్న పోయినాడమ్మా. మధ్యాహ్నం నమాజయినాక మట్టి." చేసింది మా ఇంటి పంపు బాగుచేసిన ప్లంబర్ మామ తమ్ముడు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట. అయినా నేను పోలేకపోయాను. మా నాయనకు పక్షవాతం. పాల ప్యాకెట్‌కు వీధి చివరికి పోవాలన్నా పక్కింటామెను ఆయన దగ్గర కూర్చోబెట్టి పోవాలి. ఆ రోజు ఆమె ఊళ్లో లేదు. అందుకే మామ గురించి ఈ నాలుగు మాటలు.

మా మిద్దె మీద సోలార్ హీటరుంది. వేడినీళ్లు సన్నగా వస్తున్నాయని ప్రెషర్ పంపు పెట్టించాను. కొళాయి తిప్పితే చాలు, ఇల్లంతా రంపం మిల్లులా అరిచేది. దాన్ని బిగించింది నాయన మంచం ఆనుకున్న గోడకే, అవతలి వైపు. అది మోగగానే ఆయన కుడిచెయ్యి మంచం పట్టెను గట్టిగా పట్టుకునేది. మాట పడిపోయిన మనిషి, ఆపమని చెప్పలేడు. పంపు ఆపేసి, పొయ్యి మీద నీళ్లు కాచి మోసేదాన్ని. ఇద్దరు మెకానిక్‌లు చూసి, కొత్త మోటరు కొనమని చెప్పిపోయారు.

తరువాత వచ్చాడు మామ. సామాన్ల సంచి విప్పలేదు. "కొళాయి తిప్పుమా" అని, గోడకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"మోటరు బాగానే ఉండాది. గోడ మోగుతాంది. ఎవురు బిగించినారు ఈడ?"

పంపును గోడ నుంచి ఊడదీసి, వరండాలో ట్రాక్టర్ టైరు ముక్క పరిచి దాని మీద కూర్చోబెట్టాడు. పంపుకు అటూ ఇటూ గట్టి పైపులు తీసి మెత్తటి గొట్టాలు వేశాడు. నీళ్లు లోపలికొచ్చే సన్న పైపు మార్చి లావుది పెట్టాడు. "నీళ్లు చాలక గాలి మింగుతాంది. గాలి మింగితే ఎవురైనా అరుస్తారు" అన్నాడు.

అంతా అయ్యాక నాయన పక్కన కూర్చుని, ఆ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు తిప్పు" అన్నాడు. తిప్పాను. సన్నగా గుయ్‌మంది, అంతే. "అన్నా, ఇంగ భయం లేదు" అన్నాడు మామ.

ఆ తర్వాత నంద్యాలలో పని పడినప్పుడల్లా పిలవకుండానే వచ్చేవాడు. టీలో చక్కెర తక్కువైందని తిట్టేవాడు. ఒకరోజు గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"నువ్వు బయటికి పోక ఎన్నాళ్లయిందిమా?"

గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోబోయాను.

"నేను ఈడ కూచుంటా. పోయి రాపో. కూరగాయలకు గాదు, ఊరికే పో."

కాళ్లు బస్టాండుకు తీసుకుపోయాయి. ఆత్మకూరు బస్సు ఆగి ఉంటే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆత్మకూరులో నాకెవరూ లేరు. డ్రైవరు ఇంజను స్టార్టు చేయగానే దిగిపోయాను. ఎక్కినందుకు సిగ్గేసింది, దిగినందుకు ఏడుపొచ్చింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి మామ నాయనను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, మెడకు తువ్వాలు చుట్టి, గడ్డం గీస్తున్నాడు.

"ఇంత బేగా ఎందుకొచ్చినావు? ఇంగా సగం మొగం ఉండాది" అన్నాడు నన్ను చూసి.

నురగ అంటిన మొహంతో నాయన నా వైపు తిరిగాడు. పెదవి ఒక పక్కకే లేచింది. నవ్వుతున్నాడు. మామ తొందరపడలేదు. ఆ నవ్వు అయ్యేదాకా రేజరు గాలిలోనే పట్టుకుని ఉన్నాడు.