హెన్రీ విదేశీ గద్దలు

గద్ద కనబడితే చాలు, హెన్రీ సెల్యూట్ కొట్టాల్సిందే. చేతిలో అన్నం ముద్ద ఉంటే ఆ ముద్దతోనే కొడతాడు. నుదుటి మీద మెతుకులతో ఆయన్ని చూడనివాళ్లు మైపాడు తీరంలో లేరు.

చిక్కేమిటంటే, ఇసుకలో ఆరబెట్టిన చేపల మీదికి గద్దలు రాకుండా తోలడానికే చెంచురామయ్య గారు ఆయన్ని పనిలో పెట్టుకున్నారు. హెన్రీ మాత్రం గద్ద రాగానే కర్రను తుపాకీలా భుజానికి ఆనించి, ఈల ఊదుతాడు. చేపల గంపలు మోసే ఆడవాళ్లంతా వాటిని దించి కదలకుండా నిలబడాలి. ఆ కాసేపూ తీరమంతా బొమ్మ గీసినట్టు ఆగిపోతుంది. అలల చప్పుడు నిద్దట్లో విన్నట్టుంటుంది. పైన గద్ద తీరిగ్గా ఒక చక్కరు కొట్టి, అంతే తీరిగ్గా ఒక చేప ఎత్తుకుపోతుంది.

"ఏందన్నా ఇది? అది దొంగ గదా!" అంది అబిగయీలు, పనిలో చేరిన కొత్తలో.

"అట్లనబాకమ్మే! ఎన్ని దేశాలు దాన్ని రాజముద్రలో పెట్టుకోనుండాయో తెలుసా? అదో, పాములాంటి చేపను కరుచుకోని పోతా ఉండాదే, అది మెక్సికోది. రెక్కలు విప్పి బిగుసుకోనుండేది జర్మనీది. రష్యా వాళ్లదానికైతే రెండు తలలు. అదింకా ఇటు రాలేదు."

చెంచురామయ్య గారు అరవబోతే దానికీ జవాబుంది. "రేపు ఆ దేశాలకు మన చేపలు పోవాలంటే ఇప్పట్నించే మర్యాద చెయ్యొద్దా అయ్యా?" ఆయన ఓడల్ని కలగంటూ వెనక్కి తిరిగేవారు.

ఇప్పుడు అబిగయీలుకు ఏడో నెల. నడుం నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పని ఉండదు. చిత్రమేమిటంటే, గంప బరువుకు కాళ్లు తడబడే వేళకల్లా ఏదో ఒక దేశం ఎగురుకుంటూ వచ్చేది.

ఒక మధ్యాహ్నం చెంచురామయ్య గారి ఓపిక అయిపోయింది. "గద్ద లేకుండా ఈల వినబడిందా, రేపట్నించి రాబాకు" అన్నారు హెన్రీతో.

ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. ఒక్క రెక్క లేదు. అబిగయీలు కళ్లకు సముద్రమూ ఇసుకా కలిసి ఊగాయి. నెత్తిన గంప ఒరిగింది.

ఈల మోగింది.

ఆమె గంప దించి, తాటాకు పందిరి నీడలో కూలబడింది.

"యాడరా గద్ద?" చెంచురామయ్య గారు పరుగున వచ్చారు.

హెన్రీ సెల్యూట్‌లోనే ఉన్నాడు. చూపు మాత్రం ఆకాశం మీద లేదు, ఆమె పాదాల మీద ఉంది. ఇన్నాళ్లూ ఆయన దేనికి కాపలా కాస్తున్నాడో అబిగయీలుకు అప్పుడు తెలిసింది.

చెంచురామయ్య గారు ఆమె వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మే. చర్చిలో పాటలు పాడేదానివి, అబద్ధం ఆడవు. గద్ద కనబడిందా?"

ఆమె ఒక గుటక నీళ్లు తాగి, నింపాదిగా పైకి చూసింది.

"కనబడతానే ఉండాది గదయ్యా. రెండు తలలది."

"రష్యాదా!" చెంచురామయ్య గారు ఉలిక్కిపడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఖాళీ ఆకాశమంతా వెతికారు.

"ఎడమచేత్తో కాదయ్యా," అన్నాడు హెన్రీ కదలకుండా, "సెల్యూట్ కుడిచేత్తో కొట్టాల."