పెళ్లిచూపుల్లో రెనో

నన్ను చూడ్డానికి వచ్చినవాడు అనంతపురంలో కార్ల మెకానిక్ అని ముందే చెప్పారు. ఏయే బండ్లు బాగుచేస్తావని అందరి ముందూ అడిగింది నేనే. ధర్మవరంలో మా వీధంతా వోక్స్ వ్యాగన్ అనే బండిని ఫోల్క్స్‌వాగెన్ అన్నాడు. రెనాల్ట్‌ని రెనో అన్నాడు. చివరి అక్షరాలు ఎక్కడ మింగాడో!

మగ్గం దిగి వచ్చిన నాయన మురిసిపోతూ విన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. జరీని గోటితో గీకి చూస్తేగానీ నమ్మని ఇల్లు మాది, మనిషిని అంత తేలిగ్గా నమ్ముతామా? మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని అరుగు మీద కూర్చోబెట్టగానే అడిగేశాను.

"ఏమప్పా, ఆ పేర్లు అట్ల పలుకుతాండావే, యాడ నేర్చుకున్యావు?"

"ఫోన్లో వీడియోలు ఉండాయి. ఆ దేశపోళ్లే పలుకుతారు. రోజూ చేతులు పెట్టే బండి, పేరన్నా సరిగ్గా అనాల కదా."

జవాబు తయారుగా ఉంది. అదే నాకు పడలేదు. గొప్పలకు పేర్లు మార్చేవాడు రేపు మాట మార్చడని ఏముంది? ఇట్లాంటివాడితో కాపురం ఎట్లా చేసేది?

అంతలో మా చిన్నాయన వచ్చాడు. వీధిలో మొదట కారు కొన్నది తానేనని ఎవరూ అడగకపోయినా చెప్తాడు. "నాది రెనాల్టప్పా, చూసినావా?" అన్నాడు.

"రెనాల్ట్ అంటే మంచి బండి మామా" అన్నాడు పెళ్లికొడుకు, తడుముకోకుండా.

దొరికాడు! చిన్నాయన లోపలికి పోగానే పట్టుకున్నాను.

"ఇప్పుడే రెనో అంటివి. ఆయప్ప రాగానే రెనాల్ట్ అయిపాయనా? ఎన్ని నాలుకలు నీకు?"

అతను నవ్వలేదు. "సొంత బండి పేరు ఆయప్పకే రాదని నీ ముందర చూపిస్తే చిన్నబోడా?"

"మరి నాకు రెనో అనే చెప్పినావే? నేను చిన్నబోనా?"

"నువ్వు అడిగినావు, ఉన్నది చెప్పినా. ఇంత నిలదీసే మనిషితో అబద్ధాలాడి ఎన్నాళ్లు ఏగేది?"

నచ్చాడు, బాగా నచ్చాడు. అందుకే భయమేసింది. ఇంత చక్కగా మాట్లాడేవాణ్ణి ఎవరు మాత్రం నమ్ముతారు?

లోపలికి పోయి నాయన చెవిలో చెప్పాను. "ఈయప్పనే చేసుకుంటా నాయనా. కానీ వీళ్ల వీధిలో ఇంకో నాలుగిండ్లలో విచారించు."