నలభై రెండు ఖాళీ గళ్లు

తెల్లవారగానే ఓక్‌బున్ చేసే మొదటి పని, పెరట్లో సోయా జాడీలుండే అరుగు మీద ఒక గిన్నెడు మంచినీళ్లు పెట్టి, అరచేతులు రెండూ రుద్దుకుంటూ సముద్రానికి మొక్కడం. పెద్ద కోరికలేమీ ఉండేవి కావు. "ఇవాళ్టికి చాలు తల్లీ" అనేది, అంతే. ఆ తరువాత రేవు మెట్లు దిగి నీళ్లలో చెయ్యి ముంచేది. "పది" అనో "తొమ్మిదిన్నర" అనో పైకే అనేది. నీటి వేడి కొలవడానికి మత్స్యకారుల సంఘం దించిన యంత్రమూ అదే చెప్పేది. అర డిగ్రీ తేడా వస్తే ఊళ్లోవాళ్లు యంత్రాన్నే అనుమానించేవారు.

ఆ మెట్లకు పాకుడు. అరవై ఎనిమిదేళ్ల కాళ్లకు అవి గండమే. కానీ ఆమె వచ్చే వేళకు ఎవరో వాటి మీద పొయ్యి బూడిద చల్లి ఉంచేవారు. ఎవరో ఏమిటి, సున్నమ్ అనే పక్కింటావిడే. ఇరవై ఏళ్ల పైబడి చల్లుతోంది. ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ బూడిద మీద అడుగు వేసినప్పుడల్లా ఓక్‌బున్ గుండెలో ముల్లు కదిలినట్టయ్యేది.

ఆ ముల్లు పాతది. ఆ దీవిలో నలభై రెండు ఇళ్లకూ గిమ్ పంటే ఆధారం. అన్నాన్ని చుట్టుకుని తినే ఆ నల్లటి సముద్రపు ఆకును చలికాలమంతా నీటి మీద పరిచిన వలలకు పెంచుతారు. నీళ్లు వెచ్చబడిన ఏడు ఆకుకు ఎర్రమచ్చ తగులుతుంది. ఇవాళ చిన్న చుక్క, రేపు చిల్లు, మూడోనాటికి వల బోసిపోతుంది. అక్కడితో ఆగకుండా ప్రవాహంతో పాటు పక్క వలకు పాకుతుంది. ఇరవై రెండేళ్ల కిందట ఓక్‌బున్ భర్త తమ వలలో ఆ చుక్కను చూశాడు. నోరు మెదపకుండా రెండు రోజుల్లో ఆకంతా కోసి అమ్మేశాడు. మూడోనాడు సున్నమ్ వలలన్నీ పోయాయి. ఆమె మగడు ఓడల కార్ఖానాలో కూలికి వెళ్లి నాలుగేళ్ల దాకా ఇంటి ముఖం చూడలేదు. ఓక్‌బున్ భర్త ఆ రహస్యాన్ని తనతోనే మట్టిలోకి తీసుకుపోయాడు. ఓక్‌బున్ మాత్రం మోస్తూనే ఉంది.

ఈ ఏడు సంఘంలో కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. సంఘం గుమాస్తా హేరాన్, నలభై దాటిన మనిషి, వెబ్‌లో సంఘానికొక పేజీ పెట్టి, ఊరి చిక్కులను లోకమంతటికీ కనిపించేలా అందులో రాసేది. శరదృతువులో అడవి బాతులు లేత ఆకు తినేస్తున్నాయి, ఏం చేయమంటారు అని అడిగింది. "బాతుకూర వండుకోండి" అని ఒకడు రాశాడు. లోపలి కొండల్లో ఆపిల్ తోట వేసుకున్న ఒకాయన మాత్రం, తన తోటలో పిట్టలకు మెరిసే రిబ్బన్లు కడతానని, మూడురోజులకొకసారి చోటు మార్చకపోతే పిట్టలు వాటికి అలవాటు పడిపోతాయని వివరంగా రాశాడు.

"ఆపిల్ తోటవాడు మనకు సముద్రం నేర్పుతాడా?" అని సంఘం పెద్ద మాన్‌బోక్ పగలబడి నవ్వాడు. మర్నాడు అందరికంటే ముందు రిబ్బన్లు కట్టిందీ ఆయనే. బాతులు సగానికి సగం తగ్గాయి.

ఆ ధైర్యంతో హేరాన్ చలికాలానికి ఆ పేజీలోనే నలభై రెండు గళ్లు గీసింది. ఇంటికొక గడి. రోజూ నీటి వేడి, ఆకు ఫోటో, మచ్చ ఉందా లేదా అన్నది రాయాలి. వలను నీటి పైకెత్తి గాలికి, ఎండకు ఆరబెడితే మచ్చ ఆగుతుంది. కానీ అన్ని వలలూ ఎల్లకాలం ఎత్తి ఉంచితే ఆకే ఎండిపోతుంది. మచ్చ ఎటు పోతోందో తెలిస్తే దాని దారిలో ఉన్నవాళ్లు ముందుగా ఎత్తుకోవచ్చు. ప్రవాహాల సంగతి తెలిసినవాళ్లు పై ఊళ్ల నుంచి ఆ గళ్లు చూసి చెబుతామన్నారు.

పదిరోజులైనా ఒక్క గడీ నిండలేదు. ఆ ఊళ్లో సముద్రానికి సంబంధించిన చెడుమాట ముందుగా పెద్ద నోటి నుంచి రావాలి. ఆయన పలికాకే తక్కినవాళ్లు పలకాలి. తాతల నాటి మర్యాద.

పదకొండోనాటి పొద్దున ఓక్‌బున్ నీళ్లలో చెయ్యి పెట్టింది. పన్నెండున్నర. జనవరిలో అంత వెచ్చన! చెయ్యి కాల్చుకున్నట్టు వెనక్కి లాక్కుంది. పడవ వేసుకుని వల దగ్గరకు వెళ్లి ఆకు తెంపి వెలుతురుకు పట్టి చూసింది. గోటి చివరంత ఎర్రచుక్క. ఇంకో ఆకు తెంపింది. రెండు చుక్కలు. ఆ ఆకులు రెండూ గుప్పిట్లో మూసుకుని పడవ వెనక్కి తిప్పింది.

నేరుగా మాన్‌బోక్ ఇంటికి వెళ్లింది.

"అన్నయ్యా, నా వలలో పడింది."

ఆయన బార్లీ టీ కింద పెట్టాడు. "ఎవరితోనైనా అన్నావా?"

"మీతోనే."

"మంచిపని చేశావమ్మా. రెండు రోజులు ఓపిక పట్టు, చూద్దాం."

రెండు రోజులు! తన భర్త నోరు మెదపకుండా ఉన్నదీ అన్నే రోజులు. "ఆ గళ్లలో రాద్దాం అన్నయ్యా. మీరు ముందు రాస్తే..."

"రాస్తే? కొనేవాళ్లు మర్నాడే పక్క దీవికి పడవ ఎక్కుతారు. పుండుంటే గుడ్డ కప్పుకుంటాం గానీ బజార్లో విప్పి కూచుంటామటమ్మా?"

"కప్పితే మానుతుందా?"

"ఎవరో ఒకరు వచ్చి చెబితే గదా నేను రాసేది అని కూచున్నాను ఇన్నాళ్లూ" అన్నాడాయన.

"మీరు రాస్తే గదా మేం రాసేది అని మేమూ కూచున్నాం."

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. రాయమనలేదు, వద్దనీ అనలేదు. వెళ్తుంటే మాత్రం వెనక నుంచి, "చలిలో పడి వచ్చావు, ఈ టీ తాగి వెళ్లమ్మా" అన్నాడు. ఆ మాటలోనూ భయమే ఉంది. ఆమె రెండు గుక్కలు తాగి బయటికి నడిచింది.

సంఘం గదిలో హేరాన్ ఆకు ఫోటో తీసింది. "పెద్దమ్మా, ఒకసారి పెట్టానంటే ఊరందరికీ కనిపిస్తుంది. మీ పేరుతోనే. నిజంగా పెట్టనా?"

"పెట్టు తల్లీ, నా ధైర్యం జారిపోకముందే పెట్టు."

నలభై రెండింటిలో ఒక్క గడి ఎర్రబడింది. తన పేరు అలా ఒంటరిగా, సంతలో తప్పిపోయిన పిల్లలా నిలబడి ఉంటే ఓక్‌బున్ చూడలేకపోయింది. ఎవరి శాపాలు ముందు వస్తాయో అనుకుంది. ముందు వచ్చింది ఒక జవాబు. పడమటి తీరంలో ఎవరో, వాతావరణ కార్యాలయంలో ఉద్యోగం చేసి విరమించిన పెద్దమనిషి రాశాడు. "చెప్పినందుకు దండాలమ్మా. ఒక్క చుక్కతో దారి తెలియదు. మీకు తూర్పున ఉన్న వల ఎలా ఉంది? మచ్చ ఉన్నా, లేకపోయినా రాయించండి. మధ్యాహ్నం పోటు తిరిగేలోగా తెలిస్తే ఎవరు వలలెత్తాలో చెప్పగలం."

తూర్పున ఉన్న వల సున్నమ్‌ది.

ఓక్‌బున్ వెళ్లేసరికి సున్నమ్ పొయ్యి ముందు కూర్చుని, రేపటి మెట్లకోసం బూడిద జల్లెడ పడుతోంది.

"ఏమే, ముఖం అలా పాలిపోయిందేం? కూర్చో, చిలగడదుంప ఉడికింది" అంది.

ఓక్‌బున్ కూర్చోలేదు. "ఇరవై రెండేళ్ల కిందట మచ్చ ముందు పడింది మా వలలో, సున్నమ్. మా ఆయన చూశాడు. నాకు చెప్పాడు. మేం మీకు చెప్పలేదు."

జల్లెడ ఆగిపోయింది. సున్నమ్ తలెత్తలేదు. చేతిలోని బూడిద వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెంగా జారుతోంది.

"నన్ను తిట్టు, కొట్టు, అది తరవాత. ఇవాళ మళ్లీ నా వలలోనే పడింది. ఈసారి రాశాను, నా పేరుతోనే. కానీ నా ఒక్క పేరుతో దారి తెలియదట" అంటూ ఫోన్‌ను రెండు చేతులతో ముందుకు చాపింది. "నీ వల చూసిరావే. మచ్చ ఉంటే ఉందని, లేకపోతే లేదని, నా పక్క గడిలో నీ పేరు రాసిపెట్టు. పోటు తిరిగేలోగా, సున్నమ్. ఈ ఒక్క సాయం చెయ్యవే."