బాపు కాగితాల్లో రెండో చేతిరాత

మొన్న విశ్వవిద్యాలయం నుంచి ఒక అమ్మాయి మా సైదాబాద్ ఇంటికి వచ్చి, మేం బాపు అని పిలిచే మా నాన్న చేతిరాత కాగితాలను ఒక్కొక్కటే ఫోటో తీసుకుంటూ, నడుమ ఈ గుండ్రటి అక్షరాలు ఎవరివమ్మా అని అడిగేసరికి, డెబ్బై ఏళ్ళ నాటి ముచ్చట కళ్ళ ముందుకు వచ్చింది.

యాభైల్లో పాతబస్తీలో, గాజుల దుకాణాల వెనక గల్లీలో ఉన్న మా ఇంటి ముందు గదే బాపు నడిపిన చిన్న తెలుగు మాసపత్రికకు ఆఫీసు. ఊళ్ళ నుంచి వచ్చే కొత్త కవుల పద్యాలను ఎర్ర పెన్సిల్‌తో దిద్ది అచ్చు వేసేవాడు గానీ, సంపాదకుడు తన పత్రికలో తన కవిత్వం వేసుకోవడం వడ్డించేవాడే ముందు తిన్నట్టుంటుందని, తన పద్యం ఒక్కటీ వేసుకోలేదు. అవన్నీ వాడేసిన ప్రూఫు కాగితాల వెనక వైపే ఉండిపోయాయి.

ఒక దసరాకు ఇంటికి సున్నాలు వేస్తుంటే, అచ్చు వైపు మాత్రమే చూసిన నేను, పాత ప్రూఫులే కదా అనుకుని, ఎప్పటిలాగే ఒక కట్ట ఎత్తి గాజుల దుకాణం చాచాకు పొట్లాలకని ఇచ్చేశాను. సాయంత్రం బాపు వాటికోసం వెతుకుతుంటే దుకాణానికి పరుగెత్తాను. చాచా మిగిలిన కాగితాలు నా చేతిలో పెట్టి, "అరే బేటీ, సగం పొట్లాలు కట్టి అమ్మేసిన! బాపు రాసినవని ముందే చెప్పొద్దా?" అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

బాపు మిగిలిన కాగితాలను అరుగు మీద పరిచి, ఏవేవి పోయాయో చూసుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు అక్షరం ముక్క రాని మా అమ్మ, పిండి చేతులతోనే బయటికి వచ్చి, "ఏడ్వకు బిడ్డా, కాగితం పట్టు. బాపు పాడుకుంటనే రాస్తడు గదా, నాకన్నీ యాదికున్నయి" అంది. మూడు రోజులు అమ్మ జొన్నరొట్టెలు చేస్తూ చెబుతుంటే, పొయ్యి పక్కన కూర్చుని పోయిన పద్యాలన్నీ రాశాను.

బాపు చదివి, రెండు చోట్ల మాట మారిందని పట్టేశాడు. ఎంత పేరున్న వారి పద్యాన్నయినా దిద్దకుండా వదలని మనిషి, పెన్సిల్ తీసి చెవి మీద పెట్టుకుని, "గిదే బాగున్నది, ఉండనీ" అన్నాడు. ఆ పూట అమ్మ ముఖం చూడాలి! బాపు పేరు ఎవరికీ పెద్దగా తెలియకపోయినా, ఆ ఇంట్లో పుట్టానని నాకు ఇప్పటికీ గర్వమే.

ఇక ఆ కాగితాలు చెద తినకుండా, చిరగకుండా కంప్యూటర్లలో భద్రంగా ఉంటాయట, సంతోషమే. కానీ ఈసారి పోతే, రొట్టెలు కాలుస్తూ అప్పజెప్పగలిగే వాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు; రాసిన చేయి నాదే అయినా, నాకే రెండు పద్యాలకు మించి నోటికి రావు.