బీరయ్య ఏడు లివర్ల తాళం

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా సైకిళ్లు కిరాయికిచ్చే ఘనీకి బీడీ అలవాటు లేదు, పేకాట రాదు, సినిమాల మీద మోజు లేదు. ఉన్నది ఒక్కటే పిచ్చి, తాళాలు. ఒకసారి ఎవరో తాళంచెవి పారేసుకుని సైకిల్ని భుజాన మోసుకొచ్చారు. ఘనీ విరిగిన సైకిల్ పుల్లతో కెలుకుతుంటే టక్కుమని తాళం ఊడింది. ఆ చప్పుడు అతని చెవిలోంచి మళ్లీ పోలేదు. అప్పటినుంచి కామారెడ్డి వెళ్లినప్పుడల్లా పాత ఇనుప సామాన్ల దుకాణంలో తాళంచెవి పోయిన తాళాలు ఏరి తెచ్చుకునేవాడు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఒకటి ఒళ్లో పెట్టుకుని, పుల్లలు వంచుకుని కూర్చునేవాడు. ఒక్కోదానికి వారం పట్టేది, ఒక్కోదానికి నెల. తొందరపడితే పుల్ల విరుగుతుంది, విసుక్కుంటే మొదటికొస్తుంది. అంత ఓపిక అతనికెక్కడిదో దేవుడికే ఎరుక. ఇంట్లోకి ఉప్పు తెమ్మంటే మాత్రం రెండు రోజులు మరిచిపోయే మనిషి.

ఊరికి మాత్రం ఇది సరదాగా కనిపించలేదు. తాళాలు తీసే విద్య దొంగకు తప్ప ఎవరికి కావాలి? ఎనభై నాలుగు చివర్లో బజారులో ఒక బట్టల దుకాణం తాళం ఎవరో తీసి సరుకంతా ఎత్తుకుపోయారు. పోలీసులు వచ్చి ఘనీని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఠాణాలో కూర్చోబెట్టారు. ఏమీ దొరకక వదిలేశారు. బయటికొస్తుంటే, నీ పేరు చెప్పింది వాగు పక్క ఎడ్ల కొట్టం ఉన్న బీరయ్యేనని ఒక జవాను చెవిన వేశాడు. ఘనీ ఆ మాట భార్య ఆమినాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ దొంగతనం తర్వాత బీరయ్య కామారెడ్డి పోయి, లోపలి ఏడు రేకులూ ఒకేసారి లేచి నిలిస్తే గానీ తెరుచుకోని ఏడు లివర్ల తాళం కొనుక్కొచ్చాడు. దొంగల భయానికి ఎడ్ల కాళ్లకు ఇనుప గొలుసులు వేసి, భూమిలో పాతిన రాతి కడీకి కలిపి తాళం పెట్టడం అక్కడ మామూలే. కానీ బీరయ్య బస్సు దిగి నేరుగా కొట్టానికి పోలేదు. సైకిల్ దుకాణం ముందు ఆగి, నలుగురి ఎదుట తాళం ఆడించాడు.

"ఘనీ, గిది తియ్యి సూద్దాం. నీ అబ్బతరం గూడ కాదు."

"నీ తాళంతోని నాకేం పని అన్నా," అని ఘనీ తలొంచుకుని పంక్చరు వేసుకున్నాడు. మొహం మాత్రం భగ్గుమంది. మర్నాడే కామారెడ్డి బస్సెక్కి అదే దుకాణంలో అదే రకం తాళం కొన్నాడు. ఎనిమిది నెలలు దానితో కుస్తీ పట్టాడు. అయిదు లివర్లు లేచేవి, ఆరోది ఎత్తబోతే అన్నీ పడిపోయేవి. మళ్లీ మొదటినుంచి. ఎనిమిదో నెలలో తెరుచుకుంది. ఏదో ఒకరోజు బీరయ్య కళ్లముందే తీసి, అతని మొహం మాడిపోవడం చూడాలి. మంచి కోరికేమీ కాదు. కానీ ఆ ఎనిమిది నెలలూ ఘనీని కూర్చోబెట్టింది అదే.

ఎనభై అయిదు శ్రావణంలో మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. మూడో రోజు పొద్దున బీరయ్య భార్య హన్మవ్వ తడిసి ముద్దయి దుకాణానికి పరుగెత్తుకొచ్చింది. వాగు పొంగి కొట్టంలోకి నీళ్లొచ్చాయి. బీరయ్య నిన్ననే కామారెడ్డి పోయాడు. తాళంచెవి అతని మొలతాడుకే ఉంది, బస్సులు బంద్. గడ్డపారతో గొలుసు తెంపబోతే ఎడ్లు బెదిరి కాళ్లు విరగ్గొట్టుకునేలా ఉన్నాయి.

"ఘనీ, నీ కాల్మొక్త. ఎడ్లు మునుగుతున్నయి. నీకు వస్తదంటరు గదా."

వెనక నుంచి ఆమినా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "పోకు. ఇన్ని దినాలు ఒట్టి అనుమానమే. ఇప్పుడు అందరి ముందల తీస్తివంటే రుజువైతది. మల్ల ఏ ఇంట్ల దొంగలు వడ్డా నిన్నే గుంజుకపోతరు."

ఆమె మాటలో అబద్ధం లేదు. అదే తాళం మీద ఎనిమిది నెలలు సాధన చేశాడని తెలిస్తే ఇక నోరు విప్పే దారే ఉండదు. అయినా పుల్లల డబ్బా చంకన పెట్టుకుని హన్మవ్వ వెంట నడిచాడు.

కొట్టంలో నీళ్లు మోకాళ్లు దాటాయి. తాళం కడీ అడుగున బురద నీళ్లలో ఉంది. గట్టు మీద పదిమంది నిలబడి చూస్తున్నారు. ఘనీ కూర్చుంటే నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. కళ్లకు పని లేదు, వేళ్లే చూడాలి. ఒక పుల్లను తాళంచెవి తిప్పినట్టు బిగించి పట్టుకుని, రెండోదానితో లోపల వెతికాడు.

"ఎద్దును కదలనియ్యకు అవ్వా."

హన్మవ్వ ఎద్దు మెడను రెండు చేతులా వాటేసుకుంది. ఒకటి లేచింది. రెండు. మూడు. నాలుగు. అయిదు.

"బాగనే చెయ్యి తిరిగింది వీనికి," అన్నారెవరో గట్టు మీంచి. ఆ మాట వీపు మీద వాత పెట్టినట్టయింది. పుల్ల జారింది. అయిదూ పడిపోయాయి.

నీళ్లు కింది పెదవిని తాకాయి. దుకాణంలోనయితే లేచి, చాయ్ తాగి వచ్చి మళ్లీ పట్టేవాడు. ఇక్కడ లేస్తే అంతే సంగతులు. తల వెనక్కి వంచి, ముక్కు పైకి పెట్టి ఒకటినుంచి మొదలుపెట్టాడు. ఒళ్లంతా తొందరపెడుతున్నా వేళ్లను తొందరపడనివ్వలేదు. ఎడ్ల పొట్టలకు నీళ్లు తాకాయి. అంతవరకూ అరుస్తున్న ఎద్దు అరవడం మానేసింది. అరుపుకంటే అదే ఎక్కువ భయపెట్టింది. ఆరు లేచాయి. ఏడోది అందలేదు. గుండెల నిండా గాలి పీల్చి తల ముంచాడు. చెవుల్లో వాగు హోరు తప్ప ఏమీ లేదు. ఛాతీ పగిలిపోతుందేమో అనుకుంటుండగా పుల్ల చివర రవ్వంత కదిలింది. తాళం ఊడి చేతిలోకి వచ్చింది.

హన్మవ్వ అదిలించగానే ఎడ్లు నీళ్లు చీల్చుకుంటూ గట్టెక్కాయి. కాసేపటికి కొట్టం గోడ కూలింది.

బీరయ్య మధ్యాహ్నానికి సగం దూరం లారీలో, సగం నడిచి వచ్చాడు. గట్టు మీదే సంగతంతా విని ఘనీ వైపు తిరిగాడు.

"ఎంతసేపట్ల తీసినవు?"

"గంట గూడ కాలె."

"గా తాళం గంటల ఎట్లస్తది? ఎవ్వనితోని కాదన్నడు దుకాణపోడు."

జనం దగ్గరికి జరిగారు. తుప్పు పట్టి ఊడిందంటే సరిపోయేది. ఘనీకి ఆ అబద్ధం నాలుక దాకా వచ్చింది, కానీ ఆడే ఓపిక లేదు.

"గసుంటిదే కొనుక్కచ్చిన. ఎనిమిది నెలలు నేర్సుకున్న."

అప్పటికే గట్టు దగ్గరికి వచ్చిన ఆమినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నా తాళం తీసెతందుకా?"

"నీ తాళం తీసెతందుకే."

బీరయ్య వెళ్లి ఎద్దు మెడ మీద చెయ్యి వేశాడు. "ఠాణాల నీ పేరు చెప్పింది నేనే," అన్నాడు, అందరికీ వినబడేటట్టే.

"ఎరుకనే."

"ఎరుకుండి నీళ్లల్ల దిగినవా?"

"ఎడ్లకు ఎరుక లేదు గదన్నా."

బీరయ్య గట్టు మీది బురదలో కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు గానీ ఏడుపు అందరికీ వినబడింది.